భీమిలి దారిలో ఖాళీ తీరం: ఒక మధ్యస్థాయి సర్ఫర్ శిక్షణ

సర్ఫింగ్ నేర్చుకునేవారిలో ఎక్కువమంది ఒకేచోట ఆగిపోతారు. బోర్డు మీద లేచి నిలబడటం వస్తుంది. విరిగిన అల నురుగు మీద ఒడ్డుదాకా నేరుగా రాగలుగుతారు. అప్పుడప్పుడు విరగని అల కూడా చిక్కుతుంది. ఆ తర్వాత నెలలు గడిచినా ఆట అక్కడే ఉంటుంది. బలం చాలడం లేదనో, బోర్డు మంచిది కాదనో, వయసు మించిపోయిందనో అనుకుంటారు. శిక్షకుడిగా నేను చూసినంతవరకు లోపం కాళ్లలోనో చేతుల్లోనో ఉండటం అరుదు. ఏ అల తీసుకోవాలి, దాని కోసం ఎక్కడ కూర్చోవాలి అన్న నిర్ణయం అప్పటిదాకా వారు స్వయంగా చేసి ఉండరు. మొదట్లో శిక్షకుడు వెనక నుంచి బోర్డు తోస్తాడు. తర్వాత గుంపు ఎక్కడ కూర్చుంటే అక్కడ కూర్చుంటారు, గుంపు దేనికి కదిలితే దానికి కదులుతారు.

ఆ నిర్ణయం నేర్పడానికి గుంపు లేని తీరం కావాలి. అటువంటి తీరంలో, అటువంటి స్థితిలో ఉన్న ఒక విద్యార్థినికి ఒక వేసవి నుంచి వానాకాలం చివరిదాకా ఇచ్చిన శిక్షణ గురించి ఇక్కడ రాస్తున్నాను. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు పక్కన, మంగమారిపేట దాటాక, చిన్న చిన్న జాలరి పల్లెల మధ్య ఖాళీగా ఉండే ఇసుక తీరాలలో ఇది ఒకటి. దాని కచ్చితమైన గుర్తులు ఇవ్వడం లేదు. ఆ తీరం మొదట అక్కడ వేట చేసుకునేవారిది. సెలవు రోజుల్లో పదుల కొద్దీ బోర్డులు అక్కడ దిగితే వారి పని చెడుతుంది.

వచ్చినప్పటి స్థితి

ఆమెకు ముప్పై ఏళ్లు దాటాయి. విశాఖలోనే ఉద్యోగం. మహాబలిపురం దగ్గర మొదటి పాఠాలు, తర్వాత రుషికొండలో సాధన. ఈత బాగా వచ్చు. పాప్-అప్, అంటే పడుకున్న చోటు నుంచి ఒక్క ఊపులో లేచి నిలబడటం, శుభ్రంగా ఉంది. ఎడమ కాలు ముందు పెట్టి నిలబడుతుంది. ఎనిమిది అడుగుల ఫోమ్ బోర్డు వాడుతోంది.

మొదట నేనేమీ చెప్పకుండా రుషికొండలో ఆమెను ఒడ్డు నుంచి వీడియో తీశాను. శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో పొందిన తీరం అది. సిబ్బంది ఉంటారు, జనం ఉంటారు, కొత్తవారు మొదలుపెట్టడానికి మంచి చోటు. వీడియోలో మూడు సంగతులు తేటగా కనిపించాయి. అల కోసం కూర్చున్నంతసేపూ ఆమె తల పక్కవారి వైపు తిరిగి ఉంది, సముద్రం వైపు కాదు. గుంపులో ఎవరైనా అల అందుకోవడానికి చేతులు వేయడం (పాడ్లింగ్) మొదలుపెట్టాకే తానూ మొదలుపెట్టేది. అప్పటికి ఆలస్యమై, అల అప్పటికే విరుగుతుంటే దాని కింద చిక్కుకునేది. చిక్కిన అలల మీద కూడా లేచిన వెంటనే చూపు బోర్డు ముక్కు మీద పడేది. చూపు ఎటు ఉంటే బోర్డు అటే పోతుంది. అందుకే ప్రతిసారీ తిన్నగా ఒడ్డుకే.

కుడి అలకూ ఎడమ అలకూ తేడా అడిగాను. సర్ఫర్ ఒడ్డు వైపు ముఖం పెట్టి ఉన్నప్పుడు అల ఏ చేతి వైపు విరుగుతూ పోతే అది ఆ చేతి అల అని ఠక్కున చెప్పింది. పుస్తక జ్ఞానం ఉంది. నీటిలో ఎదురుగా వస్తున్న అలను చూపించి ఇది ఏ వైపు అంటే మాత్రం చెప్పలేకపోయింది. శిక్షణ మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే కట్టాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

తీరం ఎంపిక

అల విరిగే చోట్లు ప్రధానంగా మూడు రకాలు: రాతి లేదా పగడపు దిబ్బల మీద విరిగే రీఫ్ బ్రేక్, భూమి మొనను చుట్టి విరిగే పాయింట్ బ్రేక్, ఇసుక అడుగు మీద విరిగే బీచ్ బ్రేక్. మొదటి రెంటిలో అడుగు పెద్దగా కదలదు కాబట్టి అల దాదాపు ఒకేచోట విరుగుతుంది. చోటు ఒకసారి తెలిస్తే చాలు. బీచ్ బ్రేక్‌లో ఇసుక కదులుతూ ఉంటుంది. నిన్న అల లేచిన చోట ఈ రోజు లోతైన నీరు ఉండవచ్చు. ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ మొదటిసారి జరిగింది కూడా ఇటువంటి ఇసుక తీరంలోనే, టోక్యో క్రీడల సందర్భంగా జపాన్‌లోని త్సురిగసాకిలో. ప్రపంచంలోని ఉత్తమ సర్ఫర్లు సైతం అక్కడ అల ఎక్కడ లేస్తుందా అని అటూ ఇటూ కదులుతూ వెతుక్కున్నారు. మధ్యస్థాయి వారికి ఈ వెతుకులాటే చదువు. పడినా కింద ఇసుక ఉంటుంది కాబట్టి రాయి కంటే నయం. అయితే లోతు తక్కువ ఉన్న ఇసుక మీద తలకిందులుగా పడితే మెడకు ప్రమాదమే. అందుకే పడేటప్పుడు చదునుగా పడటం, రెండు చేతులతో తలను కప్పుకుని పైకి రావడం నా దగ్గర మొదటి పాఠాలు.

విశాఖ నుంచి భీమిలి వరకు తీరరేఖ నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. అంటే సముద్రం ఆగ్నేయంగా ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మన అలల గురించి సగం తెలిసినట్టే. వేసవి, వానాకాలాల్లో మనకు వచ్చే పెద్ద స్వెల్, అంటే దూరపు గాలులకు పుట్టి ఇక్కడిదాకా సాగివచ్చే అలల వరుస, దక్షిణ మహాసముద్రపు తుఫానుల నుంచి వస్తుంది. నలభై డిగ్రీల దక్షిణ అక్షాంశానికి అవతల పుట్టిన 14 సెకన్ల స్వెల్ (ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య వ్యవధి 14 సెకన్లు) గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగంతో ప్రయాణించి మన దగ్గరకు చేరడానికి వారం పడుతుంది. దారిలో శ్రీలంక ఉంది. మన నుంచి చూస్తే అది నిట్ట దక్షిణానికి కాస్త పడమరగా ఉంటుంది. ఆ దిక్కు నుంచి వచ్చే స్వెల్‌ను శ్రీలంక, తమిళనాడు తీరం చాలావరకు ఆపేస్తాయి. సూటిగా దక్షిణం నుంచి గానీ, దానికి కాస్త తూర్పు నుంచి గానీ వచ్చినది మాత్రం మనకు నిండుగా అందుతుంది.

ఇక ఆగ్నేయం వైపు చూసే తీరానికి దక్షిణపు అల ఏటవాలుగా వస్తుంది. నైరుతి కొస ముందు విరిగి, విరుపు ఈశాన్యానికి పాకుతుంది. ఒడ్డు వైపు ముఖం పెట్టిన సర్ఫర్‌కు అది కుడి చేతి వైపు. కాబట్టి వేసవి నుంచి వానాకాలం దాకా మన దగ్గర కుడి అలలు ఎక్కువ. ఎడమ కాలు ముందు పెట్టేవారికి కుడి అల మీద ముఖం అల వైపే ఉంటుంది. చూపు నేర్పడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి దొరకదు. ఆమెను ఏప్రిల్‌లో మొదలుపెట్టమనడానికి ఇదొక కారణం.

రెండో కారణం వేట నిషేధం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవలు సముద్రంలోకి వెళ్లవు. మోటారు లేని తెప్పలకు ఈ నిషేధం వర్తించదు, ఒడ్డు నుంచి లాగే అలివి వలలూ కనిపిస్తాయి. అయినా ఆ రెండు నెలలూ నీటిలో పడవల రాకపోకలు బాగా తగ్గుతాయి. కొత్త చోటికి అలవాటు పడటానికి అది మంచి సమయం.

ఖాళీ తీరం అంటే కాపలా లేని తీరం అని కూడా అర్థం. ఈత సిబ్బంది ఉండరు, జెండాలు ఉండవు. అందువల్ల అక్కడికి తీసుకువెళ్లేవారికి నేను పెట్టే షరతులు గట్టిగా ఉంటాయి. సముద్రంలో ఆగకుండా పావుగంట ఈదగలగాలి. బోర్డు లేకుండా, గాబరా పడకుండా, నీటి మీద వెల్లకిలా తేలగలగాలి. నీటిలో ఎప్పుడూ ఇద్దరికి తక్కువ ఉండకూడదు. ఒడ్డున ఇంకొకరు ఫోనుతో, ప్రథమ చికిత్స పెట్టెతో, గుండె ఒత్తి ఊపిరి పోసే పద్ధతి తెలిసి ఉండాలి. ఈ మూడో మనిషి దొరకని ఉదయం మేము నీటిలో దిగలేదు. విశాఖ తీరంలో ఏటా ప్రాణాలు పోతున్నాయి. వాటిలో చాలా వాటికి కారణం రిప్ కరెంట్లు, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహాలు. ఈ విషయంలో సడలింపుకు చోటు లేదు.

ఒడ్డున అరగంట

మొదటి వారాల్లో ఆమెకు విసుగు పుట్టించిన నియమం ఇది: వెళ్లగానే బోర్డు ఇసుక మీద పెట్టి, అరగంట కూర్చుని చూడాలి. ఆ తర్వాత వేలితో ఇసుక మీద నీటి పటం గీయాలి. నీటి అడుగున ఇసుక తిన్నె ఎక్కడ, లోతు ఎక్కడ, అల ఎక్కడ మొదలవుతోంది, ఎక్కడ అంతమవుతోంది, నీరు వెనక్కి ఎటు పోతోంది.

మొదటి రోజు ఆమె గీసిన పటంలో తెల్లగా విరిగే చోట్లే ఉన్నాయి. తెల్లదనం మధ్యలో చదునుగా, ముదురు రంగులో ఉన్న ఖాళీని "అలలు లేని చోటు" అని వదిలేసింది. అప్పుడు వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన మా దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

"ఏం గీస్తున్నావమ్మా?"

"సముద్రం తాతా. ఎక్కడ దిగాలో చూస్తున్నాను."

"అదిగో, ఆ రెండు తెల్ల మడుల నడుమ నీరు నల్లగా లేదూ? అక్కడ కెరటం విరగదు. మా తెప్పలు దించేది అక్కడి నుంచే. వచ్చేటప్పుడు మాత్రం అటు రాము. నీరు బయటికి లాగుతుంది."

రిప్ గురించి నేను చెప్పదలచుకున్న పాఠం అంతా ఆ మాటల్లో ఉంది. తిన్నె మీద విరిగిన నీరు ఒడ్డుకు చేరి, తిరిగి సముద్రంలోకి పోవడానికి లోతైన దారి వెతుక్కుంటుంది. ఆ దారిలో అల విరగదు కాబట్టి పైకి నెమ్మదిగా కనిపిస్తుంది. ఈత రానివారు, విహారానికి వచ్చినవారు ప్రశాంతంగా ఉందని సరిగ్గా అక్కడే దిగుతారు. బలమైన రిప్ సెకనుకు రెండు మీటర్ల దాకా పోగలదు, దానికి ఎదురీది గెలిచేవారు లేరు. సర్ఫర్‌కు మాత్రం అదే లోపలికి వెళ్లే దారి. తిన్నె మీద నురుగుతో కుస్తీ పడకుండా ఆ పక్కగా వెళ్తే సగం శ్రమతో అలల వెనక్కి చేరవచ్చు. చేరాక దాని నుంచి పక్కకు తప్పుకోవాలి.

ఆ పెద్దాయనతో పరిచయం తర్వాత మాకు ఎంతో ఉపయోగపడింది. వల వేసిన రోజు తాడు ఏ పక్క నుంచి ఏ పక్కకు ఉందో ఆయనే చెప్పేవారు. నీటిలో కనిపించని వల తాడు లీష్‌కు, అంటే బోర్డును కాలికి కట్టే తాడుకు, చుట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వల లాగుతున్నంతసేపూ మేము ఒడ్డునే ఉండేవాళ్లం, పిలిస్తే ఒక చేయి వేసేవాళ్లం. వేరొకరి బతుకు తీరంలో ఆటకు వచ్చినవారు పాటించవలసిన కనీస మర్యాద అది. దాన్ని శిక్షణలో భాగంగానే నేర్పుతాను.

ఇసుక పటం తర్వాత పోటు, పాటు. విశాఖలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఈ రోజు కంటే రేపటి పోటు సుమారు యాభై నిమిషాలు ఆలస్యం. అమావాస్య, పున్నములకు తేడా ఒకటిన్నర మీటర్ల దగ్గరికి వెళ్తుంది. గుజరాత్ తీరంతో పోలిస్తే ఇది చాలా తక్కువే, కానీ మన తిన్నెలకు ఇదే సర్వస్వం. మీటరు ఎత్తు అల దాదాపు 1.3 మీటర్ల లోతులో విరుగుతుంది. పాటు సమయంలో తిన్నె మీద సరిగ్గా అంత నీరే ఉంటే అల చక్కగా విరుగుతుంది. పోటుకు ఆ నీరు రెండు మీటర్లు దాటితే అదే అల తిన్నె మీద నుంచి మామూలుగా దాటిపోయి, ఏటవాలు ఒడ్డు మీద ఒక్కసారిగా కుప్పకూలుతుంది. ఆ ఒడ్డు కెరటం బోర్డులనూ భుజాలనూ విరుస్తుంది. మేము ఎంచుకున్న తిన్నెకు పాటు నుంచి సగం పోటు దాకా నీరు లేచే రెండు, మూడు గంటలే పనికివస్తాయని ఆమె తన పుస్తకంలో రాసుకున్న వివరాల నుంచి తానే తేల్చింది. నేను ముందే చెప్పి ఉండవచ్చు. చెప్పి ఉంటే అది ఆ తిన్నెకు మాత్రమే పనికొచ్చే సంగతిగా మిగిలేది.

గాలి సంగతి సులువు. తెల్లవారుజామున నేల మీద నుంచి సముద్రం వైపు వీచే గాలి అల ముఖాన్ని నునుపు చేసి కాస్త సేపు నిలబెడుతుంది. ఎండెక్కాక సముద్రం నుంచి గాలి తిరిగితే అల ముందే చెదిరిపోతుంది. కాబట్టి సూర్యోదయానికి నీటిలో ఉండాలి.

ఏ అల?

శిక్షణలో అసలు భాగం ఇది. ఎక్కువ కాలం పట్టింది కూడా దీనికే.

ముందుగా కూర్చునే చోటు. రుషికొండలో గుంపు గుర్తుగా ఉండేది. ఇక్కడ ఎవరూ లేరు. పైగా దక్షిణపు స్వెల్ ఏటవాలుగా రావడం వల్ల నీరు ఒడ్డు వెంట ఈశాన్యానికి నెమ్మదిగా లాగుతూ ఉంటుంది. బోర్డు మీద కూర్చున్నవారికి తాము కదులుతున్నట్టు తెలియనే తెలియదు. అయిదు నిమిషాల్లో తిన్నె దాటి లోతు దారిలో ఉంటారు, అలలు ఎందుకు రావడం లేదా అనుకుంటారు. దీనికి విరుగుడు జాలరులు ఎప్పటినుంచో వాడుతున్న పద్ధతే. ఒడ్డున దగ్గరగా ఒక గుర్తు, దాని వెనక దూరంగా ఇంకో గుర్తు తీసుకోవాలి. మాకు దగ్గరది ఒక తాడిచెట్టు, దూరంది కొండ మీది టవరు. రెండూ ఒకే గీతలో ఉంటే తిన్నె మీద ఉన్నట్టు. టవరు చెట్టుకు ఒక పక్కకు జరిగిందంటే మనమూ జరిగామన్నమాట. ఒడ్డు నుంచి దూరం తెలియడానికి పక్కవైపు మరో జత గుర్తులు. ప్రతి అల తర్వాత, ప్రతి విరామంలో, తల ఎత్తి ఈ గీతలు చూసుకోవాలి. ఇది అలవాటయ్యేసరికి ఆమె తల పక్కవారి వైపు తిరగడం దానంతట అదే మానింది.

తర్వాత అల. మొదటి కొన్ని ఉదయాలు ఆమెకు అల తీసుకునే అనుమతే ఇవ్వలేదు. అలలకు కాస్త అవతల ఇద్దరం కూర్చునేవాళ్లం. దూరంగా గీత కనిపించగానే, అది మా దగ్గరకు చేరకముందే, ఆమె గట్టిగా చెప్పాలి: కుడి, ఎడమ, లేదా మూత. మూత అంటే పొడవునా ఒక్కసారి విరిగి మూసుకుపోయే అల. దాని మీద పోవడానికి దారి ఉండదు. చెప్పాక వెనక్కి తిరిగి అది ఎలా విరిగిందో చూడాలి. మొదట్లో ఆమె మాట ఎక్కువగా తప్పేది. దాదాపు అన్నింటినీ కుడి అనేది, కుడి కావాలని కోరిక కాబట్టి.

ఏం చూడాలో అక్కడే వివరించాను. అల గీతలో అన్నిటికంటే ఎత్తైన చోటు ముందు విరుగుతుంది. అక్కడి నుంచి గీత ఏ వైపు నెమ్మదిగా కిందికి వాలుతోందో అటే దారి. వాలు లేకుండా గీత ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఎత్తులో ఉంటే అది మూత. ఎత్తైన చోటు మనకు నైరుతిగా ఉంటే మనం అల భుజం మీద, అంటే ఇంకా విరగని వాలు మీద ఉన్నట్టు, అల మనల్ని లేపదు, కాబట్టి అటు జరగాలి. ఎత్తైన చోటు మనకు ఈశాన్యంగా ఉంటే అల అప్పటికే మనల్ని దాటిపోయినట్టు, ఆ అలను వదిలేయాలి. ఇవన్నీ పది సెకన్లలో చూడాలి. కళ్లకు సాధన కావాలి, వేరే మార్గం లేదు.

ఇంకొకటి: అలలు గుంపులుగా వస్తాయి. వాటిని సెట్ అంటాం. గుంపులో మొదటి అలకే ఎగబడితే, అది తప్పిన మరుక్షణం వెనక ఉన్నవన్నీ నెత్తిన పడతాయి. మొదటిదాన్ని వదిలి, అది ఎక్కడ విరిగిందో చూసి, రెండో దానికో మూడో దానికో అక్కడికి జరగాలి. మొదటి అల మిగతావాటికి పటం గీసి ఇస్తుంది. ఆమెకు ఈ ఓపిక రావడానికి సమయం పట్టింది. గుంపులో సాధన చేసినవారికి వదిలేయడం అంటే ఇంకొకరికి ఇచ్చేయడం అని మనసులో పడిపోతుంది. ఖాళీ తీరంలో వదిలేసిన అలను ఎవరూ ఎత్తుకుపోరని ఒంటికి తెలిశాక ఆ తొందర తగ్గింది.

మాట నిజం కావడం మొదలయ్యాకే లేవనిచ్చాను. బోర్డు తిన్నగా కాకుండా, చేతులు వేస్తున్నప్పుడే కాస్త కుడికి తిప్పి ఉంచాలి. లేచేటప్పుడు చూపు అల భుజం మీద, ముందు రాబోయే అల గోడ మీద ఉండాలి. ముందు చేయి అటు చాచాలి. ఇంకేమీ చెప్పలేదు. మోకాలు ఇంత వంచు, నడుము అంత తిప్పు అని ఒకేసారి నాలుగు మాటలు చెబితే నీటిలో ఒక్కటీ గుర్తుండదు. చూపు కుదరగానే భుజం తిరిగింది, భుజం వెంట నడుము, నడుము వెంట బోర్డు. విరుగుతున్న నురుగుకు ముందుగా, అల గోడ వెంట ఆమె మొదటిసారి పక్కకు జారిన రోజున నేను చేసింది ఏమీ లేదు. అల ఎంపిక సరిగా ఉంది, మిగతాది అలే చేసింది.

పెద్ద అంకె వచ్చిన రోజు

మన సముద్ర సూచనలు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం) నుంచి వస్తాయి. అల ఎత్తు, స్వెల్ ఎత్తు, వ్యవధి, దిక్కు అన్నీ ఇస్తారు. జాలరులు వాడే ఈ సేవ సర్ఫర్లకు కూడా గొప్ప ఆసరా. వానాకాలం మొదట్లో ఒకసారి 14 సెకన్ల స్వెల్ వస్తోందని చూసి ఆమె ఎంతో ఉత్సాహపడింది. వ్యవధి ఎక్కువైతే అల బలంగా, శుభ్రంగా ఉంటుందని చదివింది. అది నిజమే. ఎత్తు కూడా ఛాతీకి మించదు. అడ్డు చెప్పలేదు, వెళ్లాం.

గాలి లేదు, నీరు అద్దంలా ఉంది. అలలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి వస్తున్నాయి. తీరమంతా ఒకేసారి దబ్బున మూసుకుంటున్నాయి. ఒక్కదానికీ భుజం లేదు. ఒడ్డున కూర్చుని కారణం ఆలోచించమన్నాను.

14 సెకన్ల స్వెల్‌కు లోతు నీటిలో ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి సుమారు 300 మీటర్లు. అందులో సగం లోతు, అంటే 150 మీటర్ల దగ్గరే దానికి అడుగు తగులుతుంది. అక్కడి నుంచి అడుగు ఆకారానికి తగ్గట్టు వంగుతూ వచ్చి, ఒడ్డు చేరేసరికి తీరానికి దాదాపు సమాంతరం అయిపోతుంది. తిన్నె కూడా తిన్నగా ఉంటే అంతా ఒకేసారి విరగక తప్పదు. 8 సెకన్ల అలకు పొడవు 100 మీటర్లే, అడుగు తగిలేది 50 మీటర్ల లోతులో. వంగడానికి అంత దూరం దొరకదు, వచ్చిన ఏటవాలు కొంత మిగులుతుంది. దానికి తోడు దగ్గరి గాలి అలలు వేరే కోణంలో అడ్డంగా వచ్చి కలిస్తే గీత ముక్కలై, అక్కడక్కడ శిఖరాలు లేస్తాయి. ఒక్కో శిఖరానికి రెండు వైపులా భుజాలు. రీఫ్‌కు, పాయింట్‌కు వరమైన పొడవు స్వెల్ మన తిన్నని ఇసుక తీరాలకు చాలాసార్లు పనికిరాదు. మనకు కావలసింది 8 నుంచి 11 సెకన్ల మధ్య, నడుము నుంచి ఛాతీ ఎత్తు, కొంచెం గజిబిజిగా ఉండే సముద్రం. ఫోటోలకు అందంగా ఉండదు, నేర్చుకోవడానికి అదే మంచిది.

ఆ ఉదయం మేము నీటిలో దిగలేదు. శిక్షణ మొత్తంలో ఆమె ఎక్కువ నేర్చుకున్న ఉదయాల్లో దాన్ని ఒకటిగా లెక్కిస్తాను. అప్పటి నుంచి సూచన చూసేటప్పుడు ఎత్తు అంకె కంటే ముందు దిక్కు, వ్యవధి చూడటం మొదలుపెట్టింది.

లోతు దారిలో

జూలైలో ఒకసారి నీరు తీస్తున్న వేళ, అల మీది నుంచి పడి, లేచి చూసుకునేసరికి ఆమె లోతు దారిలో ఉంది. నేను తిన్నె అవతలి పక్క ఉన్నాను. నీరు తీసేటప్పుడు తిన్నెల మీది నీరంతా ఆ ఇరుకులోంచే పోవాలి కాబట్టి లాగుడు ఎక్కువ. ఆమె రెండు సార్లు ఒడ్డు వైపు చేతులు వేసి చూసి, ముందుకు సాగడం లేదని గ్రహించి ఆపేసింది. బోర్డు మీద కూర్చుని తాడిచెట్టు గీత చూసుకుంది. చేయి ఎత్తి నాకు సైగ చేసింది. కాసేపు లాగనిచ్చి, తీరానికి సమాంతరంగా తిన్నె వైపు పాడ్లింగ్ చేసి, అక్కడ విరుగుతున్న నురుగు పట్టుకుని పొట్ట మీద పడుకునే ఒడ్డుకు వచ్చింది.

ఇది సాహసగాథ కాదు. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడానికి కారణం మొదటి రోజు నుంచి ఆ దారి ఎక్కడ ఉందో ప్రతి ఉదయం ఇసుక మీద తన వేలితో తానే గీయడం. బోర్డును వదలకపోవడం రెండో కారణం. తేలేది చేతిలో ఉన్నంతవరకు సమయం మన వైపు ఉంటుంది. లీష్ ఉంది కదా అని బోర్డును విసిరేసి ఈదేవారిని చూస్తుంటాను. లీష్ తెగుతుంది. బోర్డు అంత పొడవున్న లీష్, మెలికలు లేనిది, ప్రతిసారీ దిగేముందు లాగి చూసినది వాడాలి.

బోర్డు

ఎనిమిది అడుగుల ఫోమ్ బోర్డును వర్షాలు మొదలయ్యేదాకా నేను ఆమెను మార్చనివ్వలేదు. మార్చినప్పుడు కూడా ఏడు అడుగుల చిల్లర పొడవు, తన బరువుకు బాగా తేలే గుండ్రటి ముక్కు బోర్డే ఇచ్చాను. ఈ స్థాయిలో పొట్టి, సన్నని బోర్డులు కొనేవారంతా అలల లెక్కలో నష్టపోతారు. తేలేది తక్కువైతే పట్టుకునే అలలు తగ్గుతాయి, అలలు తగ్గితే చూపుకు సాధన తగ్గుతుంది. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

వానాకాలం తర్వాత

ఆగస్టులో గాలులు ముదిరి కొన్నాళ్లు నీటి దగ్గరకు వెళ్లడానికి లేకపోయింది. తిరిగి వెళ్లేసరికి మా తిన్నె లేదు. నైరుతి గాలుల కాలంలో ఇసుక ఒడ్డు వెంట ఈశాన్యానికి కదులుతుంది. తాడిచెట్టు, టవరు ఒకే గీతలోకి వచ్చే చోట ఇప్పుడు లోతు నీరు. అరగంట కూర్చుని, పటం గీసి, ఆమె కొత్త శిఖరం ఎక్కడో చూపించింది. పాత చోటుకు ఉత్తరంగా, ఒక కొబ్బరి తోపు ఎదురుగా. కొత్త గీతకు గుర్తులు తానే ఎంచుకుంది. ఇద్దరం దిగాం. ఆమె చెప్పిన చోటే అల లేచింది. శిక్షణ ఫలితం గురించి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ ఉదయం గురించే.

ప్రస్తుతం కుడి అలలను ఎంచుకుని, పక్కకు తిప్పి లేచి, గోడ వెంట స్థిరంగా పోగలదు. అడుగుకు దిగి బోర్డును తిరిగి అల పైకి తిప్పే బాటమ్ టర్న్ మొదలైంది, ఇంకా నడుము బదులు చేతులతోనే తిప్పుతోంది. ఎడమ అలల మీద వీపు అల వైపు ఉంటుంది, అక్కడ ఇంకా తడబాటు ఎక్కువ. బోర్డును నీట ముంచి అల కింద నుంచి పోయే డక్ డైవ్ ఈ పొడవు బోర్డుతో కుదరదు. బోర్డును తలకిందులు చేసి కింద వేలాడే టర్టిల్ రోల్ బాగా వచ్చింది. తల ఎత్తు దాటిన అలలకు సిద్ధంగా లేదు. ఆ సంగతి తనకే తెలుసు, అటువంటి రోజు ఒడ్డునే ఉంటుంది.

చలికాలంలో పరిస్థితి తిరగబడుతుంది. ఈశాన్య గాలుల అలలు తూర్పు వైపు నుంచి వస్తాయి, ఇసుక లాగుడు దక్షిణానికి మారుతుంది, అలలు చిన్నవవుతాయి, ఎడమ అలలు పెరుగుతాయి. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం కాబట్టి హెచ్చరిక ఉన్న రోజుల్లో సాధన ఉండదు. ఆ తర్వాత చిన్న ఎడమ అలల మీద వీపు వైపు చూపు తిప్పడం మొదలుపెడతాం. మళ్లీ ఎనిమిది అడుగుల బోర్డుతోనే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో చీకటితో వెళ్లేటప్పుడు టార్చిలైటు వేయకుండా, పొడి ఇసుక తొక్కకుండా, తడి ఇసుక వెంటే నడవాలని ఆమెకు ఇప్పటికే చెప్పాను.